రూప చెవిలో పెట్టిన పాట

2001 ఫిబ్రవరి ఆరో తేదీ, మంగళవారం. ఆ పొద్దున పరిగి బస్టాండు పక్కన ఒక చిన్న హోటల్లో ప్లేటు బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. బజ్జీల్లో కారం ఎక్కువై కళ్ళ నీళ్ళు తిరిగాయి. నా ముందుపళ్ళతో నేను కొరికిన చివరి తిండి అదే. అందుకే ఆ తేదీ, ఆ కారం రెండూ గుర్తుండిపోయాయి.

తొమ్మిదిన్నరకల్లా నన్ను దగ్గరి పల్లెలో కరెంటు స్తంభానికి కట్టేశారు. పది గంటలకు, మల్బరీ తోట కంచెతీగ బిగించే కటింగ్ ప్లేయరుతో నా పైవరుసలో నాలుగు పళ్ళు పీకేశారు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. అక్కడి ఆడపిల్లలకు ఇంకా సంబంధాలు కుదరాలి.

నా పేరు కొండప్ప. బీయస్సీ చదివి పట్టు పరిశ్రమ శాఖలో చేరాను. మోపెడ్ మీద పల్లెలు తిరిగి, పట్టుపురుగులు పెంచే రైతులకు రోగాల గురించి, మందుల గురించి చెప్పడం నా ఉద్యోగం. హిందూపురం చుట్టుపక్కల పట్టును రేష్మె అంటారు, నన్ను రేష్మె సారు అనేవారు. 1997లో నా భార్య నీలావతి మూత్రపిండాల జబ్బుతో పోయింది. మావాళ్ళలో పూడ్చడం ఆనవాయితీ. ఆమె సొంతూరు పెనుకొండ. అక్కడే, కొండ కింద పూడ్చాము. పిల్లలు లేరు.

ఆమె ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పొద్దస్తమానం సినిమా పాటలు మోగేవి. ఆమె పోయాక ఏ పాట పెట్టినా దాని వెనక ఆమె కూనిరాగం వినిపించేది. తట్టుకోలేక టేప్‌రికార్డరు మీద తువ్వాలు కప్పేశాను. ఏడాది పాటు అలాగే ఉంది.

ఆ తువ్వాలు తీయించినవాడు క్రాంతి కుమార్. హిందూపురంలో అతనికి క్యాసెట్ల కొట్టు ఉండేది. కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే, అవన్నీ ఒక క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాడు. కొత్త ఖాళీ క్యాసెట్లు ఖరీదని, పుట్టపర్తికి వచ్చిన తెల్లవాళ్ళు లాడ్జిల్లో వదిలేసి వెళ్ళిన పాతవాటిని ధర్మవరం నుంచి గంపల్లో తెప్పించుకునేవాడు. మళ్ళీ రికార్డు కాకుండా వాటి అంచున విరిచేసిన బుడిపెల చోట ప్లాస్టరు ముక్క అంటించి, ఉన్న పాటల మీదే కొత్త పాటలు రికార్డు చేసేవాడు.

1998 చివర్లో ఒకరోజు కొట్టు ముందు నిలబడి ఉన్నాను. క్రాంతి ఒక పాత క్యాసెట్ పెట్టి, రీలు సరిగా తిరుగుతోందో లేదో చూస్తున్నాడు. నూతి అడుగు నుంచి వచ్చినట్టు ఒక మగగొంతు. దాని కింద నింపాదిగా కొట్టుకునే మెషిన్ డ్రమ్. చాలా దూరంలో ఒక ఆడగొంతు, మాటలు లేకుండా. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నా కాళ్ళు మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.

“దాని మీద రికార్డు చేయకు క్రాంతీ.”

“ఇది ఏడుపు సార్. దీని మీద పెండ్లి పాటలు ఎక్కించాల, రేపు ఇచ్చేయాల.”

“ఇలాగే ఇచ్చెయ్యి.”

“దుడ్లు పెట్టి ఏడుపు కొనే మనిషిని ఇప్పుడే చూస్తాండా” అని నవ్వి, క్యాసెట్ చేతిలో పెట్టాడు. అట్ట మీద నీలం సిరాతో ఎవరో ‘డార్క్‌వేవ్ 3’ అని రాశారు. అలాంటి చీకటి పాటల తరహాకు అది పేరని తర్వాత తెలిసింది.

మూడు ఉందంటే, ఒకటీ రెండూ ఎక్కడో ఉండాలి. భార్య పోయాక మొదటిసారి నాకు రేపటితో పని పడింది. వారానికోసారి, గురువారం సాయంత్రం, క్రాంతి కొట్లో కూర్చుని గంపలు వెతికేవాణ్ణి. రెండోది దొరకనే లేదు. ఒకటోది ఎనిమిది నెలలకు దొరికింది, కానీ అప్పటికే ఒక వైపంతా ఎవరి నిశ్చితార్థానికో పాటలు ఎక్కి ఉన్నాయి. మిగిలిన వైపు చాలనుకున్నాను. అలా ఒక్కొక్క పేరే తెలిసింది. ‘కాల్టె కమ్మర్’ అని ఒక జర్మను గుంపు. ‘ది సాల్ట్ విడోస్’ అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ‘సిస్టర్ యూడిత్స్ ల్యాంప్’ అని ఒకే ఒక మనిషి, అన్ని వాయిద్యాలూ తనే. క్రాంతి వీళ్ళందరినీ కలిపి ఏడుపు బ్యాచ్ అనేవాడు. “సార్, కొత్త ఏడుపు వచ్చిండాది, రాండి” అని ఆఫీసుకు ఫోను చేసేవాడు. ఒక అట్ట లోపలి కాగితం చదివి, “వీళ్ళను గాత్ అంటారంట సార్. నల్లబట్టలేస్తారంట. మొగోళ్ళు గూడా కాటుక పెట్టుకుంటారంట. మీరు సగం అయిపోయినారు, కాటుకే తక్కువ” అన్నాడు. నీలావతి పోయినప్పటి నుంచి నేను నల్లచొక్కాలే వేస్తున్న మాట నిజమే. మోపెడ్ మీద తిరిగేటప్పుడు జేబులో వాక్‌మన్ ఉండేది. ఆదివారాలు పెనుకొండ వెళ్ళి, సమాధి పక్కన కూర్చుని, వైరు చెవుల్లో పెట్టుకుని, వింటున్న పాట మెల్లగా గొణుక్కునేవాణ్ణి. నన్నెవరైనా చూస్తారన్న ఆలోచనే రాలేదు.

2001 జనవరి ఇరవై ఏడున ఆ పల్లెలో మారప్ప అనే రైతు పురుగుల షెడ్డుకు వెళ్ళాను. పట్టుపురుగు పొర విడిచే నిద్రను రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటిన పురుగు రాత్రింబగళ్ళు ఆకు తింటుంది. ఆ చప్పుడు రేకుల మీద వాన కురిసినట్టుంటుంది. ఆ రోజు మారప్ప షెడ్డులో వాన లేదు. పురుగులు ఉబ్బి, తట్టల అంచుల మీద తిరుగుతూ, ముట్టుకుంటే చర్మం చిట్లి పాలు కారుస్తున్నాయి.

“పాలరోగం మారప్పా. ఒక్కటి కూడా మిగలదు. గుంత తవ్వి, సున్నం పోసి పూడ్చెయ్యి. ఈ రోజే.”

మారప్ప నా వైపు చూశాడు. ఇరవై నాలుగు రోజుల చాకిరీ అది. అయినా పార తీసుకుని వెళ్ళాడు. అతని తమ్ముడు అంజనప్ప మాత్రం తట్టలను కాలితో తన్ని గుంతలో పడేశాడు. పడకుండా అతుక్కున్న పురుగులను చెప్పుకాలితో తొక్కాడు. పాలు చిమ్మి అతని పంచెకు అంటుకున్నాయి.

నేను పక్కన రాయి మీద కూర్చుని పాట పెట్టుకున్నాను. మారప్ప కూతురు రూప వచ్చింది. ఆరేళ్ళ పిల్ల.

“సారూ, ఆ తీగలో యేముండాది?”

“పాట.”

“నాకూ పెట్టు.”

ఒక చెవిలోది తీసి ఆ పిల్ల చెవిలో పెట్టాను. సాల్ట్ విడోస్ పాట. కళ్ళు పెద్దవి చేసి విన్నది.

“దీంట్లో దయ్యం ఉండాదా?”

“లేదు పాపా. ఒకామె ఏడుస్తోంది.”

“యాల? ఆమె పురుగులూ సచ్చిపోయెనా?”

“అలాగే ఉంది” అన్నాను. రూప పకపకా నవ్వి, వైరు నాకు ఇచ్చేసి పరుగెత్తింది.

మూడో రోజున ఆ పిల్లకు జ్వరం వచ్చింది. మెదడువాపు. తొమ్మిదో రోజున, ఆదివారం, ఆసుపత్రిలో పోయింది. నాకు ఇవేవీ తెలియవు. షెడ్డు కడిగారో లేదో చూద్దామని మంగళవారం ఉగ్గాని తిని ఆ ఊరు వెళ్ళాను.

మోపెడ్ ఆపీ ఆపకముందే వెనక నుంచి నా కాలరు పట్టి ఎవరో గుంజారు. బండి నా కాలి మీద పడింది. లేచేలోపు కడుపులో తన్నారు. తన్నినవాడు అంజనప్ప అని పంచె మీది పాలమరక చూసి గుర్తుపట్టాను. ముప్పై నలభై మంది ఉన్నారు. నా చేతులు స్తంభం వెనక్కి విరిచి ఎడ్లపగ్గంతో కట్టారు.

“రూప యాడుండాదో తెల్సునా నీకి?” అని అరిచాడు అంజనప్ప. “మట్టిలో! నువ్వు చెవిలో మంత్రం ఊదినావు, మూడు దినాలకు పడిపాయ!”

“రూపా? ఏమైంది రూపకు?”

చెంప మీద కొట్టాడు. దవడ కీలు కదిలిన చప్పుడు నాకే వినబడింది.

“ఏం తెలీనట్ల అడుగుతాండాడు చూడండ్రా. అయ్యప్ప మాలలు తీసి నెలాయె, నల్లచొక్కా యాలరా నీకి? పెనుకొండలో గోరీల కాడ ఆదివారం ఆదివారం కుచ్చోని గొణుగుతాండావని మా బామ్మర్ది కండ్లారా చూసినాడు. ముందు రేష్మె పురుగుల్ని తిన్న్యావు. ఆమీద పాపను తిన్న్యావు.”

“అవి పాటలప్పా. నా జేబులో ఉంది. మీరే వినండి. ఒక్కసారి వినండి.”

నా జీవితంలో నేను చేసిన అతి తెలివితక్కువ పని అది. అంజనప్ప వాక్‌మన్ లాగి, వైరు చెవిలో పెట్టుకుని మీట నొక్కాడు. అప్పుడు అందులో ఉన్నది కాల్టె కమ్మర్. తెలియని భాషలో, పాతాళం నుంచి వచ్చే గొంతు ఒకే మాటను పదేపదే అంటుంది. వెనక గంట. అంజనప్ప ముఖంలో రక్తం ఇంకిపోయింది. వైరు పీకి, పాము మీద పడ్డట్టు దులిపేశాడు.

“మంత్రమే” అన్నాడు, ఈసారి అరవకుండా. “గంట కొట్టి మరీ చదువుతాండాడు.”

ఆ తర్వాత ఎవరూ అరవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చేయాల్సిన పని ఏమిటో అందరికీ తెలిసినట్టు కదిలారు. ముందుపళ్ళు లేనివాడి నోట మంత్రం పలకదని అక్కడివాళ్ళ నమ్మకం. ఒకడు నా తల పట్టి స్తంభానికి అదిమాడు. ఒకడు నా నోట్లో కర్రముక్క అడ్డం పెట్టాడు. అంజనప్ప ప్లేయరు తెచ్చాడు.

మొదటి పన్ను విరిగింది. వేరు చిగురులో ఉండిపోతే మళ్ళీ పట్టి లాగాడు. రెండోది ఊడి వచ్చింది. మూడోది పీకేటప్పుడు స్పృహ తప్పింది, నాలుగో దానికి తెలివి వచ్చింది. రక్తం గొంతులోకి పోయి ఉక్కిరిబిక్కిరి అవుతుంటే తల పట్టినవాడు నా ముఖాన్ని పక్కకు తిప్పాడు. ఊపిరి ఆడింది. అతనెవరో ఈనాటికీ తెలియదు. ఆ చెయ్యి మాత్రం తెలుసు, వేళ్ళకు మల్బరీ ఆకు పసరు వాసన.

“కింద పండ్లు గూడా పీకి, ఆనెంక కిరసనాయిలు పోద్దాం” అన్నారెవరో. డబ్బా చప్పుడు వినిపించింది.

“ఆగండ్రా.”

రామాంజినమ్మ వచ్చింది. మారప్ప, అంజనప్పల తల్లి, రూపకు అవ్వ. చుట్టుపక్కల ఏ ఇంట్లో పీనుగ లేచినా శోకం పెట్టడానికి ఆమెను పిలిచేవాళ్ళు. పోయినవాళ్ళ గుణాలన్నీ కట్టి, రాగం తీసి ఏడిస్తే, చూడవచ్చినవాళ్ళు కూడా కూలబడేవారు. రెండు రోజులుగా సొంత మనవరాలికి ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగానే మాట్లాడింది.

“పాపకు యేం ఇనిపిచ్చినాడో అది నాకీ ఇనిపిచ్చండి.”

“అమ్మా, నీకేమన్నా పిచ్చా? దాన్ని తాకద్దు!”

“మంత్రమైతే నేనూ పోతా. పాప కాడికే పోతా. నీకేం నష్టంరా?”

నాకు మాట రావడం లేదు. రూప విన్న పాట రెండోవైపు ఉంది. క్యాసెట్ తిప్పి పెట్టమని వేళ్ళతో చూపిద్దామంటే చేతులు కట్టి ఉన్నాయి. కళ్ళతో చెప్పబోయాను. ఆమె అర్థం చేసుకుంది. తిప్పింది. వైరు చెవిలో పెట్టుకుని నా ఎదుటే నేల మీద చతికిలబడింది.

పాట ఏడు నిమిషాలు. జనం చుట్టూ నిలబడి చూశారు. కొంతసేపటికి ఆమె ముందుకూ వెనక్కూ ఊగింది. తర్వాత తలకొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. పాట అయ్యాక వైరు తీసి మడిచి, నా చొక్కా జేబులో పెట్టింది.

“శోకం పెడ్తాంది ఎవురో. దొడ్డ మనిషే. రాగం తెలిసిన మనిషి” అంది. జనం వైపు తిరిగింది. “పాపకు మూడో దినం జరమొచ్చె. నన్నూ మూడు దినాలు చూడండి. నా ఒళ్ళు కాలితే వీణ్ణి కాల్చండి. సల్లగా ఉంటే ఇడిసిపెట్టండి. అంతవరకు ఎవురన్నా కిరసనాయిలు పోస్తే, నా మీద పోసినాకనే.”

నన్ను మారప్ప ఖాళీ షెడ్డులో పడేశారు. పురుగులను పూడ్చాక మందు చల్లిన గది. ఆ ఘాటుకు కళ్ళు మండి, నోటి గాయాల్లో నిప్పు పోసినట్టుండేది. ఒంటరివాడు మూడు రోజులు కనబడకపోతే ఎవరికీ తెలియదని అక్కడ పడుకున్నాక తోచింది. ఆఫీసులో టూరు వెళ్ళాడనుకుంటారు. ఇంట్లో అనుకునేవాళ్ళు లేరు.

పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అంజనప్ప తలుపు తన్నుకుని వచ్చేవాడు. ఆ చప్పుడుకే నా ఒళ్ళు ముడుచుకుపోయేది. ఆకు దూసిన మల్బరీ కట్టెతో కొట్టేవాడు. కట్టె విరిగితే ఇంకొకటి తెచ్చుకునేవాడు. మొదటి సాయంత్రం నా కుడిచెయ్యి గడప మీద పెట్టించి తొక్కాడు. రెండు వేళ్ళు విరిగాయి. వెళ్ళేటప్పుడు తలుపును ఎంత గట్టిగా వేసేవాడంటే, పై నుంచి సున్నం పెచ్చులు రాలేవి.

మారప్ప ఒక్కసారే వచ్చాడు. చేతిలో గడ్డపార.

“చెప్పు సారూ. యేం చేసినావో చెప్పు. నేనేమనను. చెప్పు చాలు.”

“పాట వినిపించాను మారప్పా” అన్నాను. పళ్ళు లేని నోట్లోంచి ఆ మాట గాలిలా వచ్చింది.

గడ్డపార ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాను. నా తల పక్కన గోడను పొడిచాడు. మళ్ళీ మళ్ళీ పొడిచాడు. ఇటుక కనబడేదాకా, చేతులు బొబ్బలు కట్టేదాకా. తర్వాత ఆ గోడకే తల ఆనించి కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. వెళ్ళేటప్పుడు తలుపు వేయడం మరిచిపోయాడు. కాసేపు కొంచెం మంచిగాలి వచ్చింది. పారిపోవడానికి నా కాళ్ళలో సత్తువ లేదు, కానీ గాలి వచ్చింది.

రోజుకోసారి రామాంజినమ్మ చల్లార్చిన రాగిగంజి పంపేది. గాయాలకు మంట పుట్టకుండా ఉప్పు వేయకుండా కాచేది. ప్రతి పొద్దునా ఆమెను అరుగు మీద నిలబెట్టి, ఊరివాళ్ళు నుదురు ముట్టి చూసేవారు. గోడ ఇవతల నాకు అంతా వినిపించేది.

బుధవారం ఎవరో ముసలాయన చూశాడు. “సల్లగా ఉండాది.”

గురువారం ఎవరో ఆడమనిషి చూసింది. “సల్లగా ఉండాదమ్మా.”

శుక్రవారం జనం ఎక్కువ వచ్చారు. కిరసనాయిలు డబ్బా తెచ్చి షెడ్డు తలుపు ముందు పెట్టిన చప్పుడు విన్నాను. ఎవరు చూడాలని వాదన జరిగింది. చివరికి ఎవరో అన్నారు. “అంజనప్పే చూడనీ. వాని మాట ఎవురూ కాదనరు. ఈని మీద కసి వానికే గదా ఎక్కువ.”

అరుగు ఎక్కిన అడుగుల చప్పుడు విన్నాను. నేను నీలావతి పేరు అనుకున్నాను.

“సల్లగా ఉండాది” అన్నాడు అంజనప్ప.

తలుపు తెరిచారు. నడవలేక గడప మీద పడ్డాను. అదే సమయానికి స్కూటరు మీద క్రాంతి, వెనకే పరిగి స్టేషను హెడ్ కానిస్టేబులూ వచ్చారు. గురువారం నాకోసం క్రాంతి ఒక కొత్త క్యాసెట్ తీసిపెట్టాడట. రెండేళ్ళలో ఒక్క గురువారం కూడా మానని మనిషి రాకపోయేసరికి, ఆఫీసుకెళ్ళి నా టూరు ఊళ్ళు కనుక్కుని వెతుక్కుంటూ వచ్చాడు. నా నోరు చూశాడు. కట్టెల మోపులోంచి ఒకటి లాగి అంజనప్ప మీద పడ్డాడు. భుజాల మీద, వీపు మీద, చెవి చిట్లి రక్తం కారేదాకా కొట్టాడు. అంజనప్ప చెయ్యి ఎత్తలేదు. పోలీసుకు భయపడ్డాడనుకున్నాను.

వాంగ్మూలంలో మొదటి పేరు అంజనప్పదే చెప్పాను. రెండేళ్ళకు కేసు తేలింది. మిగతావాళ్ళు సాక్ష్యం లేక బయటపడ్డారు. అంజనప్పకు ఏడాదిన్నర శిక్ష పడింది. నేను ధర్మవరానికి బదిలీ చేయించుకుని, మగ్గాల చప్పుడు ఆగని ఒక వీధిలో ఇల్లు తీసుకున్నాను. నాలుగు పళ్ళ సెట్టు కట్టించుకున్నాను. వేళ్ళు మాత్రం వంకరగానే అతుక్కున్నాయి.

2003 వేసవిలో ఒక మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైంది. రామాంజినమ్మ. హిందూపురంలో రైలెక్కి, అడుగుతూ అడుగుతూ వచ్చింది. చేతిసంచిలో వేరుశనగ కాయలు.

“ఆ పాట ఇంగొకసారి పెట్టు సారూ. పాప ఇన్న్యది.”

పెట్టాను. వింది. ఏడవలేదు. కాయలు ఒలిచి పెట్టి, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత నెలకోసారి వచ్చేది. అప్పటికి క్రాంతి క్యాసెట్లు మానేసి నెట్ సెంటరు పెట్టాడు. రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి, కొత్త కొత్త బ్యాండ్‌లను సీడీల్లో రాసి నాకు పంపేవాడు. “సార్, ఫిన్లాండ్ ఏడుపు. గ్యారంటీ సరుకు” అని చీటీ రాసేవాడు. వాటిని నేనూ రామాంజినమ్మా కలిసి వినేవాళ్ళం. ఆమె తీర్పులు కరాఖండి.

“ఈయప్పది దొంగేడుపు. తీసెయ్.”

“ఎలా తెలుసమ్మా?”

“ఊపిరి యాడ తీసుకోవాల్నో సూసుకోని తీసుకుంటాండాడు. నిజంగా ఏడ్చేటోనికి అంత తీరిక యాడుంటాది?”

ఒక పోలండు ఆడమనిషి పాటకు మాత్రం లేచి నిలబడింది. “ఈమెకు బిడ్డ పోయిండాది” అంది. సీడీతో క్రాంతి పంపిన చీటీలో అలాంటిదేమీ లేదు. అయినా నేను ఆమె మాటే నమ్మాను. ఏ పత్రికలోనూ దొరకని విమర్శకురాలు నాకు అలా దొరికింది.

2004 జూన్‌లో అంజనప్ప విడుదలయ్యాడని ఆమే చెప్పింది. ఆ సాయంత్రం పాట ఆగిపోయాక కూడా లేవలేదు.

“నీకొక మాట చెప్పాల సారూ. మూడో దినం నా నొసలు కాల్తాండె.”

నాకు అర్థం కాలేదు.

“బుధారం రాత్రే జరమొచ్చె. తిండి లేక, ఏడ్చి ఏడ్చి. గురువారం తెల్లారకముందే బాయి కాడ సల్లనీళ్ళు పోసుకోని నిలబడితి. ఎవురికీ తెలీలే. శుక్కురారం లెయ్యలేకపోతి. నీళ్ళు పోసుకొనేకి గూడా శాత కాలే. అట్లనే అరుగెక్కితి. వాడు చెయ్యి పెట్టె. నిప్పుల మీద పెట్టినట్ల వాని చెయ్యి ఎగిరె. నా మొగం సూసె. నేను వాని మొగం సూస్తి. సల్లగా ఉండాదనె.”

బయట మగ్గాలు టకటకలాడుతున్నాయి. నేను వంకర వేళ్ళను ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను.

“ఇంతకాలం ఎందుకు చెప్పలేదమ్మా? కోర్టులో చెప్పుంటే—”

“వాణ్ణి ఇడిపిచ్చుకునేకి చెప్తాండానని అనుకుందువు. వాడు నీ పండ్లు పీకినాడు, చేతి ఏళ్ళు ఇరిచినాడు. దానికి జైలు కూడు తినాల్సిందే. తిన్న్యాడు. ఇప్పుడు చెప్తాండా.”

గుమ్మంలో చీకటి పడినట్టయింది. తల ఎత్తితే అంజనప్ప. చిక్కిపోయాడు. చెవి మీద క్రాంతి కొట్టిన మచ్చ. చేతిలో తోటపని కత్తి, చివర గోనెగుడ్డ చుట్టి ఉంది. తల్లి నెలనెలా ఎక్కడికి పోతుందో కనుక్కుని వచ్చాడు. నా ఒళ్ళు షెడ్డులోలాగే ముడుచుకుపోయింది. నోరు మూసుకుని, నాలుకతో పళ్ళ ఖాళీని తడిమాను. సెట్టు బల్ల మీద గ్లాసు నీళ్ళలో ఉంది.

“ఈడికా నువ్వు వచ్చేది?” అన్నాడు తల్లితో. “నాకు శిక్ష ఏయిచ్చినోని ఇంటికా?”

“అవునురా. కత్తి యాలరా?”

“తోటలోనించి నేరుగా వచ్చినా.” కత్తిని చూసుకున్నాడు. ఏం చేయాలో తెలియనట్టు గోడకు ఆనించాడు. తర్వాత గ్లాసు కనబడింది. నీళ్ళలో నాలుగు పళ్ళు. వాటి మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

“మీ అమ్మ నాకు చెప్పింది” అన్నాను. సెట్టు లేదు కాబట్టి మాట గాలిలాగే వచ్చింది. “శుక్రవారం సంగతి.”

“పండ్లు పీకింది నేను. దానికి జైలుకు పోయొచ్చినా” అన్నాడు గరుగ్గా. “ఇంగేమీ అడగద్దు నన్ను.”

“ఒక్కటి అడుగుతాను. ఎందుకన్నావు అలా?”

దవడ బిగించాడు. కొడతాడనుకున్నాను. నా చేతులు వాటంతట అవే ముఖం ముందుకు లేచాయి. ఆ లేవడం అతను చూశాడు.

“గుంతలో రూపను దించినాక మట్టి పోసింది నేనే” అన్నాడు. “ఇంగొకటి తవ్వల్లంటే నాకు శాత కాలే. అంతే. పదమ్మా, రైలు పోతాది.”

రామాంజినమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచింది. సంచిలో మిగిలిన కాయలు బల్ల మీద పోసింది. పోలండు ఆమె సీడీ చూపించి, “మళ్ళీ నెల వరకు ఇది తియ్యద్దు, ఈడనే పెట్టు” అంది. నేను లేవబోతే వద్దని చేత్తో చెప్పి, “చీకటి పడె. తలుపేసుకో సారూ” అంటూ మెట్లు దిగింది.

అంజనప్ప కత్తి తీసుకుని ఆమె వెనక దిగాడు. రెండు మెట్లు దిగినవాడు ఆగి, మళ్ళీ ఎక్కి వచ్చాడు. నా వైపు చూడలేదు. తలుపు అంచు పట్టుకుని, కీలు కిర్రుమనకుండా కొంచెం పైకెత్తి, దగ్గరికి లాగాడు. గడియ తగిలిన చప్పుడు కూడా నాకు వినబడలేదు.